మా అత్తమ్మ తాగిన మెక్సికో కాఫీ

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీ ఇంట్లో ఎవరైనా "కాఫీ కొత్త రకంగా చేస్తాను" అంటే వెంటనే లేచి వెళ్ళి స్టవ్ ఆర్పేయండి. నేను చేసిన ఒక్క కాఫీతో కొత్త కాపురం, కిరాయి ఇల్లు, అత్తగారి దగ్గర అప్పుడప్పుడే సంపాదించుకుంటున్న మంచి పేరు, అన్నీ ఒకే సాయంత్రం గాల్లో వేలాడాయి.

తొంభైల నాటి మాట. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. మా ఆయన యాదగిరి పటాన్‌చెరులో ఒక కంపెనీలో ఫిట్టర్. రిటైరైన టీచర్ రుక్మిణమ్మగారి ఇంట్లో వెనక పోర్షన్‌లో ఉండేవాళ్ళం. ఒక గది, దానికి అంటుకుని వంటిల్లు, ముందు వాకిట్లో నల్లా. ఆ గది దొరకడానికి మేం తిరగని గల్లీ లేదు. చేరిన రోజే రుక్మిణమ్మగారు పిల్లలకు ఎక్కాలు చెప్పినట్టు చెప్పారు: "ఇంట్ల నీసు వండొద్దు. మందు వాసనొచ్చిందంటె ఆ నెలనే ఖాళీ చెయ్యాలె."

మందు అనే మాటే మా ఇంట్లో వినపడేది కాదు. అయితే ఆ ఏడాది కంపెనీకి కొత్త మెషిన్ వచ్చింది. దాన్ని బిగించడానికి మెక్సికో నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, మా ఆయనకు ఆయన భాష రాదు. ఇద్దరూ స్పానర్లు చూపించుకుంటూ, చేతులు తిప్పుకుంటూ ప్రాణస్నేహితులైపోయారు. వెళ్ళేటప్పుడు ఆయన టెకీలా అనే వాళ్ళ దేశపు మందు సీసా ఒకటి చేతిలో పెట్టి, కాఫీ, చక్కెర, ఐసు, ఒక పెగ్గు ఇది, కలిపి బాగా గిలకొట్టమని సైగలతోనే నేర్పాడట. మా ఆయన ఆ సీసాను ట్రంకుపెట్టెలో నా పెళ్ళిచీరల కింద దాచి, "మంచి రోజు సూసి తాగుదం" అన్నాడు. ఆ "తాగుదం"లో నేను కూడా ఉన్నానా అనేది ఇప్పటికీ తేలలేదు.

మంచి రోజు రానే వచ్చింది. ఆయనను పర్మినెంట్ చేస్తూ ఆ రోజు ఆర్డర్ ఇస్తారని తెలిసింది. ఆయన ఇంటికి వచ్చేసరికి చల్లగా చేతికందించి ఆశ్చర్యపరచాలనుకున్నాను. సంగారెడ్డిలో డిగ్రీ చదివినదాన్ని, నాలుగు వస్తువులు కలపలేనా?

కలపలేనని పది నిమిషాల్లోనే తేలింది. మరుగుతున్న కాఫీని మరచెంబులో పోసి, మూత బిగించి, రెండు చేతులతో ఊపాను. ఆ మూత కంపెనీ బాయిలర్ పేలినట్టు పేలి పైకి ఎగిరింది. గోడ మీది క్యాలెండర్‌లో లక్ష్మీదేవి చీర కాఫీరంగుకు మారింది. చెంపలేసుకుని, ఈసారి కాఫీని గిన్నెలో చల్లార్చి, సోడాబండి నుంచి తెచ్చిన ఐసు వేశాను. ఇక పెగ్గు. పెగ్గంటే ఎంతో నాకేం తెలుసు? స్టీలు గ్లాసుడు అయ్యుంటుందనుకున్నాను. రుచి చూస్తే నాలుక మండింది. చక్కెర వేశాను. ఇంకా మండింది. ఇంజనీరు చెప్పింది తక్కువైందేమోనని మరో పెగ్గు, అంటే మరో గ్లాసుడు పోశాను.

సరిగ్గా అప్పుడే వాకిట్లో గొంతు వినిపించింది.

"యాద్గిరీ! ఓ పిల్లా! ఇంట్ల ఉన్నరా?"

మా అత్తగారు సత్తెమ్మ! గుమ్మడిదల నుంచి, సంచి నిండా చిక్కుడుకాయలతో, చెప్పా పెట్టకుండా దిగింది. నేను సీసాను బియ్యం డబ్బాలోకి తోశాను. గిన్నెను తోయడానికి చోటు లేదు.

"ఏమెండ, ఏమెండ! బస్సుల నిలవడొచ్చిన. గదేంది పిల్లా, గిన్నెల?"

"కాఫీ అత్తమ్మా."

"సల్లగ గూడ చేస్తరా కాఫీ?"

"పట్నంల చేస్తరంట."

"నాకు గూడ జెర పొయ్యి."

"మీకు పడదేమో అత్తమ్మా. శాన చేదుంటది."

"చాయ పడ్తది, కల్లు పడ్తది. కాఫీకేమొచ్చింది రోగం? పొయ్యి."

పోశాను. ఆమె ఒక్క గుక్క తాగి, ఆగి, నా ముఖంలోకి చూసింది. పుట్టింటికి పంపేస్తే ఏ చీర కట్టుకుని వెళ్ళాలా అని కూడా ఆలోచించేశాను.

"మంచిగున్నది. ఇంకింత పొయ్యి" అంది.

రెండో గ్లాసుతో అత్తగారు గోడకు ఆనుకుని కాళ్ళు చాపింది. పెళ్ళైనప్పటి నుంచి నాతో పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఆ రోజు కొత్త కోడలిగా తను గుమ్మడిదల వచ్చిన సంగతి మొదలుపెట్టింది.

"మొదటి దినమే జొన్నగటక మాడగొట్టిన బిడ్డా. మా అత్త కంట్ల వడ్తె సంపుతదని కుండతోని తీస్కపోయి గడ్డివాముల పెట్టిన. కుక్కలు గుంజి వాకిట్లకే తెచ్చినయ్!"

ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వు విని రుక్మిణమ్మగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగి ముక్కు ఎగబీల్చారు.

"లలితా, ఏందో వాసనొస్తుంది?"

"కంపెనోళ్ళు గ్యాస్ ఇడిసినట్టున్నరు ఆంటీ."

ఆ రోజుల్లో పటాన్‌చెరులో ఏ వాసనకైనా అదొక్కటే జవాబు. ఎవరూ ఎదురు అడిగేవారు కాదు.

"ఈ కంపెనోళ్ళు మనల్ని బత్కనియ్యరు" అని తిట్టుకుంటూ ఆమె కూర్చున్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే మా అత్తగారు మర్యాద చేసేసింది.

"అక్కా, మా కోడలు కాఫీ చేసింది. గొంతుల పోసుకో, పానం సల్లవడ్తది."

"అత్తమ్మా, ఆంటీకి చక్కెర..."

"చక్కెర రోగం నాకెక్కడిది? మోకాళ్ళ నొప్పులొక్కటే" అంటూ రుక్మిణమ్మగారు గ్లాసు అందుకున్నారు. అడ్డుపడాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే సామాను సర్దాలి. నేను దేవుణ్ణి తలుచుకుంటూ నిలబడిపోయాను.

కంపెనీ సైరన్ మోగింది. కాసేపటికి మా ఆయన మిఠాయి డబ్బాతో వచ్చి గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు. నడి ఎండాకాలంలో, నల్లా కింద నీళ్ళ బకెట్‌ను మధ్యలో పెట్టుకుని, మా అత్తగారు, రుక్మిణమ్మగారు చప్పట్లు కొడుతూ బతుకమ్మ ఆడుతున్నారు. పాట ఒకరిది, తాళం ఇంకొకరిది. రెండూ ఎక్కడా కలవడం లేదు.

"ఏం పోసినవే ఈళ్ళకు?" అన్నాడు చెవి దగ్గర.

"కాఫీ."

"ఏ కాఫీ?"

"మీ కాఫీ."

ఆయన లోపలికి పరుగెత్తి, గిన్నె వంచి చూసుకుని, అడుగున మిగిలిన చక్కెర వేలితో నాకి, పర్మినెంట్ అయిన సంబరం చేసుకున్నాడు.

తెల్లారి రుక్మిణమ్మగారు నల్లా దగ్గర ఆపారు. ఇక ఖాళీ చెయ్యమంటారనుకుని బిందె కింద పెట్టాను. "లలితా, రాత్రి నిద్ర మస్తుగ వట్టింది. మోకాళ్ళు గూడ నొయ్యలేదు. నువ్వు తెచ్చేది ఏం కాఫీపొడి?" అని అడిగారు. దుకాణంలో అయిపోయిందని చెప్పాను.

అత్తగారు బస్సుకు బయలుదేరుతూ నన్ను పక్కకు పిలిచింది.

"పిల్లా, సీస బియ్యంల పెడ్తవా? బియ్యం కంపు గొడ్తయ్. తీసెయ్."

నా తల కొంగులోకి దిగిపోయింది. "మీకు... తెలుసా అత్తమ్మా?"

"తెల్వకేంది? బుద్ధెరిగినకాంచి కల్లు తాగుతున్న. మొదటి గుక్కకే తెల్సింది. నీ మొకం సూస్తె, నిన్ను కొడ్తనేమో అన్నట్టు వణుకుతున్నవ్. నువ్వు కాఫీ అన్నవ్, నేను గూడ కాఫీ అన్న." నవ్వు దాచుకోకుండా నా బుగ్గ గిల్లింది. "గని బిడ్డా, ఎంత మంచి సరుకది! కాఫీ పోసి ఖరాబు జేసినవ్ గద!"

అప్పుడే, అక్కడే, బస్సు దుమ్ములో నిలబడి, తూర్పుకు తిరిగి దండం పెట్టుకుని ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో టెకీలాలో కాఫీ పోసే పాపానికి ఒడిగట్టను. మళ్ళీ ఎప్పుడైనా మా అత్తమ్మ వస్తే, ఉన్నదున్నట్టు, కలపకుండా పోస్తాను.