పక్క సీటు మీద తువ్వాలు

మా ఆవిడ చనిపోయిన ఏడాది, పుంగనూరు నుంచి మదనపల్లెకు ఒక్కడినే వెళ్లి, ఒక కాలేజీలో పెట్టిన నూటయాభై ఏళ్ల కిందటి ఇటలీ ప్రకృతి చిత్రాలు చూశాను. ఊళ్లో నన్ను కోతలరాయుడంటారు. ఒక కొండ బొమ్మ ముందు భార్యాభర్తలు కనబడగానే నా నోరు ఊరుకోలేదు.

"ఈ కొండ మేం ఎక్కిందే! ఈ మలుపు కాడే మా ఆడమనిషికి కాలు బెణికె. కిందిదాకా నేనే మోసినా."

"అవునా! ఆమె యాడుండాదన్నా? పిల్చుకోని రాలేదా?" అంది ఆ ఇల్లాలు.

ఇంట్లో నేను కోతలు మొదలుపెడితే మా ఆవిడ "సాల్లేబ్బా, నిలుపు!" అనేది. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు.

"బస్టాండులో కూసోనుండాది," అనేశాను.

"అయ్యో, కాలు నొప్పి మనిషిని ఒంటిగా కూసోబెట్టి వస్తివా? ముందు పో అన్నా!"

ఇద్దరూ నవ్వుతూ నన్ను బయటికి సాగనంపారు. నిజంగానే బస్టాండుకు వెళ్లాను. పుంగనూరు బస్సులో పక్క సీటు మీద తువ్వాలు పరిచాను.

"ఈడ మనిషుండాదా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"వస్తాండాది," అన్నాను.

ఎన్నో కోతలు కోశాను గానీ, నిజమైతే బాగుండునని నాకే అనిపించింది అదొక్కటే. బస్సు కదిలాక ఆ పెద్దాయన తువ్వాలు మడిచి, నా ఒళ్లో పెట్టి, ఆ సీట్లో కూర్చున్నాడు.