వీధికంతా ఒకే చుక్కలమందు

కుదురుగా కూర్చోవడం నా జాతకంలోనే లేదు. ధర్మవరంలో మా అక్క మగ్గం ముందు కూర్చుంటే పొద్దు గూకేదాకా లేవదు. నన్ను చూస్తే మాత్రం, నీ కాళ్ళకు ఎవరే చక్రాలు బిగించిందీ అంటుంది. పెనుకొండ బడిలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ ఆ చక్రాలకు పని దొరికేది. రిటైరయ్యాక నెల తిరక్కుండానే నాకూ ఇంటి గోడలకూ చెడింది. హిందూపురం పొలిమేరలో పేదలకు ఉచితంగా చూసే కంటాసుపత్రి ఒకటుంటే అక్కడికి పోయి, జీతం వద్దు, పని ఇవ్వండి అన్నాను. దాన్ని ఎవరైనా సేవ అంటే నాకు సిగ్గేస్తుంది. తోచక పోయాను, అంతే.

చిలమత్తూరు వైపు నుంచీ కొత్తచెరువు వైపు నుంచీ బస్సులో వచ్చే ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని దింపడం, బెంచీల మీద కూర్చోబెట్టడం, పరీక్షకు ముందు కళ్ళలో చుక్కలు వేసి మూసుకోమని చెప్పడం నా పని. చెబితే మూసుకుంటారా! పక్కవాళ్ళకు ఏం చేస్తున్నారో చూడొద్దూ? బడిలో పిల్లలను అదిలించిన గొంతుతోనే వాళ్ళనూ అదిలించేదాన్ని. ఈ టీచరమ్మకు చేతిలో బెత్తం ఒక్కటే తక్కువ అని ఒక పెద్దాయన అంటే వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ గొంతు తగ్గించలేదు.

అలా వచ్చినవాళ్ళలో ఒక అవ్వది చిలమత్తూరు దగ్గరి పల్లె. గొర్రెలు మేపుకునే మనిషి. చిన్నప్పుడు కళ్ళకలక వస్తే ఏదో ఆకుపసరు పిండారట, ఎడమకన్ను పువ్వేసి పోయింది. మిగిలిన కుడికంట్లో ఇప్పుడు పొర కమ్మింది. కొడుకూ కోడలూ బెంగళూరులో బిల్డింగు పనికి పోయి అక్కడే రేకుల షెడ్డులో ఉంటున్నారు. ఈ కన్ను కూడా పోతే గొర్రెలను అమ్మేసి తనను ఆ షెడ్డులో ఒక మూల కూర్చోబెడతారని అవ్వ భయం. ఆపరేషను గదికి నడిపించుకుపోతుంటే నా చెయ్యి పట్టుకుని, చచ్చినా ఆడికి పోను తల్లీ అంది. ఆపరేషను బాగా జరిగింది. మరుసటి రోజు కట్టు విప్పగానే కిటికీలోంచి బయట మేస్తున్న మేకను చూసి, అది చూలుతో ఉందని చెప్పింది. డాక్టరమ్మ నవ్వేసింది.

ఇంటికి పంపేముందు అందరికీ జాగ్రత్తలు చెప్పాను. తలకు పోసుకోవద్దు, పొయ్యి ముందు వంగొద్దు, గొర్రెలను ఈడ్చొద్దు, ఇచ్చిన చుక్కలు పూటపూటకూ వేయించుకోవాలి. చెప్పి ఊరుకోలేదు, బడిలోలాగా ఒక్కొక్కరితో తిరిగి అప్పజెప్పించాను. అందరికంటే బాగా అప్పజెప్పింది ఆ అవ్వే.

తిరిగి చూపించుకోవాల్సిన రోజు బస్సు వచ్చింది. అందరూ దిగారు, అవ్వ దిగలేదు. ఇంకో బండిలో వస్తుందేమోనని గేటు దగ్గరికీ వార్డుకీ తిరిగాను. నా కళ్ళు కాయలు కాశాయి గానీ అవ్వ జాడ లేదు. ఆమె ఊరి నుంచే వచ్చిన ఒకామెను పట్టుకుని అడిగాను. అవ్వకు కంట్లో నీళ్ళు కారుతున్నాయనీ, ఇంటి దగ్గర పడుకుని ఉందనీ నింపాదిగా చెప్పింది. ఆ తర్వాత నన్ను మెచ్చుకుంటున్నట్టుగా ఇంకో మాట అంది.

"మీ మందు బలే మంచిదమ్మా. నాకూ ఏసె, తగ్గిపాయె. మా వీదికంతా అవ్వే ఏస్తాండాది."

పరుగున లోపలికి పోయాను. డాక్టరమ్మకు చెబితే వెంటనే తీసుకురమ్మంది. దొరికిన బస్సెక్కి చిలమత్తూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఆ ఆటో అబ్బాయి దారిలో తెలిసినవాళ్ళందరినీ పలకరిస్తూ పోతుంటే, దిగి పరుగెత్తితే ముందు చేరతానేమో అనిపించింది.

అవ్వ ఇంటి ముందు గోనెపట్ట మీద పడుకుని ఉంది. కంటి మీద తడిగుడ్డ. తీసి చూస్తే రెప్ప ఉబ్బి, కన్ను నెత్తురు ముద్దలా ఉంది, మూలన చీము. తలగడ పక్కనే మేమిచ్చిన మందుసీసా, మూత లేకుండా. ఎంతమందికి వేశావని అడిగాను. దాచాల్సిన పని అని ఆమె అనుకోలేదు. నీళ్ళు కారుతున్న పక్కింటామెకు వేసిందట. కళ్ళు మండుతున్న ఎదురింటి ముసలాయనకు వేసిందట. గొర్రెపిల్లకు పుసి కడుతుంటే దానికీ వేసిందట. చుక్క కింద పడిపోకుండా సీసా మూతిని కంటికి ఆనించి మరీ వేసిందట. చివరగా తనకు.

ఇంక నా నోటికి అడ్డు లేదు. బుద్ధుందా అన్నాను. ఉన్నదే ఒక్క కన్ను, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు కదా అన్నాను. నా కేకలకు వీధంతా పోగయింది. అవ్వ మాత్రం నా అరుపు ఆగేదాకా ఓపిగ్గా ఉండి, నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టుగా అంది.

"దర్మానికి ఇచ్చింది కదా టీచరమ్మా. నేనొక్కదాన్నే ఎట్ల ఏసుకుందును? పాపం తగల్దా?"

 నేను ఇంకా గట్టిగా అరిచాను. నిజానికి అది కోపం కాదు, భయం. ఆసుపత్రికి పోదాం లెమ్మంటే గొర్రెలను ఎవరు చూస్తారంది. ఆమె చేతి చుక్కలు వేయించుకున్న ఎదురింటి ముసలాయన, నేను తోలుకపోతాలే పో అని ఆ పని ఒప్పుకున్నాడు.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చీము కంటి లోపలికి దిగినట్టుంది, ఇంజెక్షను చేస్తాను, చూపు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. గంటగంటకూ కొత్త చుక్కలు వేయాలంది. నేను పెనుకొండలో ఇంటికి పోలేదు. అక్క ఫోన్ చేసి, నీకేమవుతుందే ఆ ముసలామె అని అడిగితే ఏమీ కాదని చెప్పి పెట్టేశాను. పగలు చుక్కలు నేనే వేశాను. చుక్కకూ చుక్కకూ మధ్య వరండాలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. నన్ను తప్పించుకుని తిరగలేక, ఊడ్చే ఆమె కాసేపు బయటికి పొమ్మని బతిమాలింది. పోయినదాన్ని పోయినట్టే తిరిగొచ్చాను. రాత్రుళ్ళు వార్డులోనే బెంచీ మీద ఒరిగేదాన్ని, నిద్ర పట్టేది కాదు.

అవ్వ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. అదైతే కాస్త సుఖంగా ఉండేది. కానీ ఆమె తప్పెక్కడుందో వెతికితే దొరకలేదు. ఉన్నది పంచుకుని తినండర్రా అని నా ఉద్యోగమంతా పిల్లలకు చెప్పాను. అది విన్నట్టు నడుచుకున్న మనిషి ఇక్కడ పడుకుని ఉంది. కళ్ళు లేనివాళ్ళకు కూడా ఇల్లు గడుస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. రేకుల షెడ్డు గుర్తొచ్చి మళ్ళీ లేచి తిరిగాను.

ఒకనాటి ఉదయం డాక్టరమ్మ కట్టు విప్పింది. వాపు తగ్గింది, ఎరుపు ఇంకా ఉంది. కంటి ముందు వేళ్ళు పెట్టి ఎన్ని అని అడిగింది. అవ్వ పలకలేదు. చేతిని దగ్గరగా తెచ్చి మళ్ళీ అడిగింది. అప్పుడూ పలకలేదు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. అవ్వ ఆ వేళ్ళ సంగతి పట్టించుకోకుండా ముఖాన్ని మెల్లగా నావైపు తిప్పింది.  తర్వాత చెయ్యి తలగడ కిందికి పోయింది, కొత్త సీసా బయటికి వచ్చింది.

"ఏం టీచరమ్మా, నీ కండ్లు అంత ఎర్రగుండాయి? ఇట్లా రా, ఒక చుక్క ఏస్తా."

తిట్టడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.