సముద్రానికి మెట్లు

కిందటి నెలలో మా మనుమరాలు పట్టుబట్టి నన్ను కర్నూలులో ఎగ్జిబిషనుకు తీసుకొని వెళ్ళింది. అక్కడ అద్దాల సొరంగం కట్టి, నెత్తి మీదా ఇరుపక్కలా నీళ్ళు నింపి, సముద్రపు చేపలను వదిలారు. వరుసలో నిలబడడమంటే ఏమిటో ఎరగని జనం నడుమ, జీవితమంతా బడి గంటను నమ్ముకొని బతికినవాడిని గనుక, లోలోపల విసుక్కుంటూనే అడుగు పెట్టాను. పెట్టిన తరువాత విసుగు నిలవలేదు. చారల చేప ఒకటి నా కళ్ళద్దాలకు జానెడు దూరంలో ఆగి, రెక్కలు మాత్రం ఆడిస్తూ నన్ను పరిశీలించింది. అడుగు నుంచి గాలిబుడగలు దండ గుచ్చినట్లు పైకి లేస్తూ వెలుతురు తగిలి వెండిలా మెరిశాయి. అందరూ ఫోన్లెత్తి పట్టుకున్నారు. నేను మాత్రం, ఈ బుడగలను నా చెల్లెలు ఎన్నడో మా ఊరి గోడ మీద వేసింది గదా అనుకుంటూ నిలబడిపోయాను.

మాది కోయిలకుంట్ల దగ్గరి పల్లె. మా చర్చి వెనుక ఆదివారపు బడి కోసం నాపరాళ్ళతో ఒక గది కట్టారు. దాని నాలుగు గోడల మీద సృష్టి అంతా కనిపించాలని సంఘపెద్ద అయిన మా నాయన కోరిక. కోయిలకుంట్లలో బోర్డులు రాసే పెయింటరును పిలిపిస్తే అతడు ఆకాశం, కొండలు, జొన్నచేను చక్కగానే వేశాడు గాని, నాలుగో గోడకు సముద్రం అనేసరికి నాలుగు అలలు గీసి పడవ నిలబెట్టాడు. పైపైన కాదు, లోపల దేవుడు చేసిన పని కనపడాలని నాయన అన్నారు. చూడనిది వేయలేనని అతడు కుంచెలు కడుక్కొని వెళ్ళిపోయాడు.

అప్పటికి నేను ఆ ఊరి బడిలోనే కొత్తగా అయ్యవారిగా చేరాను. నా చెల్లెలు ఉన్నత పాఠశాల ముగించి, డ్రాయింగు ట్రైనింగుకు పంపమని ఏడాదిగా నాయనను అడుగుతూ ఉంది. బొమ్మలు వేయడం చదువెట్లా అవుతుందని ఆయన తీసివేస్తూ వచ్చారు. ఖాళీగా మిగిలిన గోడను చూసి ఆమె, నేను వేస్తానంది. నాయన ఏ పని చేసినా షరతు లేకుండా చేయరు. గోడ సంఘానికి నచ్చితే ట్రైనింగు, నచ్చకపోతే సున్నం, ఆ పైన ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు.

అయితే మా ఊళ్ళో సముద్రం చూసినవారు ఒక్కరూ లేరు. సముద్రం సంగతి అటుంచి, నీళ్ళ లోపలి లోకం ఎట్లా ఉంటుందో అదైనా చూపించమని ఆమె నన్ను అడిగింది.

నా ఈడు వారికి మా వైపు దిగుడుబావుల సంగతి చెప్పనక్కరలేదు. ఊరి బావి దగ్గర మా వారికి చోటు లేని కాలంలో, ఒక కరువు ఏట, మా తాతల తరం సొంత రెక్కలతో బండ పగలగొట్టి తవ్వుకున్న గుండ్రటి బావి మాది. ఒక పక్క నాపరాతి మెట్లు. తాగే నీళ్ళు కాబట్టి ఏడాది పొడుగునా ఎవరూ కాలు పెట్టరాదు. వేసవిలో పూడిక తీయడానికి ముందురోజు మాత్రం, ఈత వచ్చిన మగవారు మునిగి, జారిపడిన బిందెలూ చెంబులూ వెలికి తెస్తే, ఆడవారు గట్టున నిలబడి ఎవరివి వారు తీసుకునేవారు. ఆడపిల్ల దిగిన వాడుక లేదు. ఎద్దులతో నీళ్ళు తోడే మా చేని కపిలబావిలో నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టి ఆమెకు ఈత నేర్పినవాడిని నేనే. అందుచేత బాధ్యత నాదని నాయనకు మాట ఇచ్చి, ఆ ఏడు ఆమెను వెంటబెట్టుకొని మెట్లు దిగాను. గట్టు మీది నుంచి మా చిన్నాయన, "ఏమప్పా అయ్యవారూ, బడి పిల్లోళ్ళు సాలక చేపలకు గూడా పాఠం జెప్పను పోతాండావా?" అన్నాడు. అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఊపిరి బిగబట్టి మునిగింది. వెనుకనే నేనూ మునిగాను.

మిట్టమధ్యాహ్నపు ఎండ అడుగు దాకా స్తంభంలా దిగింది. మెట్లు నీళ్ళలోనూ ఆగక, పచ్చని పాచి కప్పుకొని, ఎవరో నడిచి వెళ్ళడానికి పరిచినట్లు కిందికి సాగిపోయాయి. పరక చేపల గుంపు ఒక్కసారిగా పక్కకు తిరిగితే కత్తి తళుక్కుమన్నట్లుంది. అడుగున బండ పగులులోంచి ఊట ఉబికి గాలిబుడగలు వదులుతూ ఇసుకరేణువులను ఆడిస్తూ ఉంది. పక్కకు ఒరిగిన ఇత్తడి చెంబులో చేపపిల్లలు కాపురం పెట్టాయి. తల ఎత్తి చూస్తే గుండ్రటి ఆకాశం, దాని చుట్టూ వంగి చూస్తున్న ఆడవారి ముఖాలు, రంగుల చీరలు, గాలికి ఊగే పూలలా వణుకుతూ కనిపించాయి. ఆమె పైకి తేలి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ మునగడం, పొద్దు వాలి బావిలో చీకటి పడేదాకా మానలేదు. ఆ చెంబును మాత్రం ఎవరినీ తేనివ్వలేదు.

సున్నంలో నీలిమందు, రంగుపొడులు, తుమ్మబంక కలిపి ఆ వానకాలమంతా గోడ వేసింది. కోతపండుగ నాడు ఆరాధన ముగిశాక సంఘమంతా గదిలోకి వచ్చింది.  మొదట మా చిన్నాయనే అందుకున్నాడు.

"సముద్రానికి మెట్లు యాడుంటాయమ్మా?"

ఇంకొక పెద్ద, సముద్రంలో చెంబు పారేసుకున్నది ఎవరి పెండ్లామో విచారించాలన్నాడు. నవ్వులు లేచాయి. నవ్వని పెద్దలు, పిల్లలకు తప్పు నేర్పరాదనీ, సున్నం కొట్టించడమే మంచిదనీ తీర్పు చెప్పారు. నా మటుకు నాకు ఆ గోడలో తప్పు కనపడలేదు. ఆ మాట గట్టిగానే అన్నాను గాని, అన్నగా అన్నానని తీసివేశారు. నాయన చెల్లెలి వైపు చూశారు. ఆమె గోడకు ఆనుకొని, "నేను సముద్రం జూడలేదు నాయనా. జూసిందే ఏసినా," అంది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ మా సంఘంలోకెల్లా పెద్దదైన అవ్వ ముందుకు వచ్చింది. బావి తవ్వేటప్పుడు చిన్నపిల్లగా మన్ను గంప మోసిన మనిషి. నీళ్ళు పడకముందు ఆ అడుగును చూసినవారిలో అప్పటికి మిగిలింది ఆమె ఒక్కతే. గోడ దగ్గర చతికిలబడి, ఊట ఉబికే పగులు మీద వేలు పెట్టింది.

"ఇది మా నాయన గడ్డపారతో కొట్టిన బండ. నీళ్ళు పడినంక మళ్ళ ఆడోళ్ళెవురూ జూడలేదు."

ఆ మాటతో ఆడవారందరూ ముందుకు జరిగారు. పుట్టి బుద్ధెరిగినది మొదలు ఆ నీళ్ళు మోసినవారు, దాని లోపలిని మొదటిసారి చూశారు. గుండ్రటి ఆకాశం చుట్టూ ఉన్న ముఖాలలో, ఇది నువ్వు, అది నేను అని గుర్తుపట్టుకున్నారు. సున్నం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాయన గొంతు సవరించుకొని, ఆరాధనలో ప్రకటన చేసే స్వరంతోనే అన్నారు: "గోడ ఈడనే ఉంటాది. అమ్మాయి ట్రైనింగుకు పోతాది."

వెళ్ళింది. మా సంఘంలో ఉద్యోగం చేసిన మొదటి ఆడపిల్ల ఆమె. బద్వేలులో డ్రాయింగు టీచరుగా పదవీ విరమణ చేసేదాకా ఎందరి చేతనో కుంచె పట్టించింది. ఒకసారి పిల్లలను విహారయాత్రకు తీసుకొని వెళ్ళినప్పుడు సముద్రంలోనూ మునిగి చూసిందట. ఎట్లుందమ్మా అని అడిగితే, శానా పెద్దదే గాని మన బావి అంత తేటగా లేదంది. ఆ మాటను నేను ఎన్ని సభలలో చెప్పుకున్నానో లెక్కలేదు. ఇప్పుడూ చెప్పుకుంటున్నాను.

సొరంగం చూసి వచ్చిన వారంలోనే ఊరికి వెళ్ళాను. చర్చిని కొత్తగా కట్టినా, ఆడవారు పట్టుబట్టి ఆ గదిని మాత్రం పడగొట్టనివ్వలేదు. బోర్లు పడిన తరువాత బావి అడుగంటి, కొన్నాళ్ళు చెత్తకు నెలవై, చివరికి పైన బండలు పరిపించుకొని బండ్లు నిలిపే చోటయింది. నేను గోడ ముందు నిలబడి ఉండగా ఆదివారపు బడి పాప ఒకతె దగ్గరకు వచ్చింది. చేపలను గురించి గాని, చెంబును గురించి గాని ఆమె ఏమీ అడగలేదు. అద్దాల వెనుక అంతకంటె వింత చేపలను ఈ కాలపు పిల్లలు చూస్తూనే ఉన్నారు. ఆమె అడిగింది ఒక్కటే, బావిలో నీళ్ళు నిజంగా అంత పైదాకా ఉండేవా అని.

ఉండేవని చెప్పి, నా చెల్లెలు తడిసిన పాదంతో తిరిగి ఎక్కిన మెట్టును గోడ మీద చూపించాను. పాప ఆ మెట్టు మీద అరచేయి ఆనించి, తడి తగులుతుందేమోనన్నట్లు కొంచెంసేపు అట్లే ఉంచింది.