ఒళ్ళో పెట్టుకున్న సంచి

కలకత్తా ట్రాముల్లో ఒక మర్యాద ఉండేది. కూర్చున్నవాళ్ళు నిలబడ్డవాళ్ళ సంచులు ఒళ్ళో పెట్టుకోవాలి. సంచి ముందుకు వస్తుంది, మనం చేతులు చాపుతాం, దిగేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాం. అందులో ఏమీ లేదు. ఏదో ఉందని అనుకున్నది ఆ ఊరు మొత్తం మీద బహుశా నేనొక్కదాన్నే.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న ఖిదిర్‌పూర్ రేవులో పని చేసేవాడు. నేను ఎస్ప్లనేడ్ దగ్గర ఒక ఆఫీసులో టైపిస్టుని. ట్రాము మా దగ్గరే బయలుదేరేది కాబట్టి ఆడవాళ్ళ సీటు దొరికేది. రెండు స్టాపుల తర్వాత ఒకాయన ఎక్కి, నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి, "ఎక్టు ధొర్బెన్?" అనేవాడు. కాస్త పట్టుకుంటారా అని. అంతకు మించి మా మధ్య మాటల్లేవు. గుడ్డసంచిలో గొడుగు, మడిచిన పేపరు, వెచ్చగా అన్నం డబ్బా. ఆ వెచ్చదనం ఒంటికి తగులుతుంటే మైదానం దాటేదాకా నేను మహారాణిని. ఆ వంట చేసింది వాళ్ళమ్మే అయ్యుంటుందని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి ట్రాము ఆగిపోతే అందరూ తిట్టుకునేవాళ్ళు. నేను మాత్రం ఇంకాసేపు ఆగితే బాగుండుననుకునేదాన్ని. ఎనిమిది నెలలు అలా గడిచాయి.

అంతలో శ్రీకాకుళం నుంచి పిన్ని కూతురు వచ్చింది, టైపు నేర్చుకుని ఏదైనా ఉద్యోగం చూసుకుంటానని. నాకంటే రెండేళ్ళు చిన్నది. మొదటిరోజు ట్రాములో నా ఒళ్ళో సంచి చూసి చెవి దగ్గరికి వచ్చింది.

"ఏటక్కా, పరాయోడి సంచి ఒల్లో ఎట్టుకున్నావు? సిగ్గు నేదా?"

"ఇక్కడందరూ ఇలగే ఎట్టుకుంతారే. నోరుమూసుకో" అన్నాను.

వారం తిరగకుండా ఆ సంచి దాని ఒళ్ళోకి చేరింది. అది చివర కూర్చోవడం వల్లే అనుకుని, మర్నాడు దాన్ని కిటికీ వైపు నెట్టి నేను చివర కూర్చున్నాను. ఆయన నా మీదుగా చెయ్యి చాపి దానికే అందించాడు. అది వచ్చీరాని బెంగాలీలో ఏదో అంటే నవ్వాడు కూడా. ఎనిమిది నెలల్లో ఆయనకి పళ్ళున్నాయని నాకు తెలియలేదు.

ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. రోజూ వాళ్ళ బెంగాలీ పాఠాలు నా ముఖం ముందు నుంచే సాగేవి. ఆయన నన్ను 'దిది', అంటే అక్క, అనడం మొదలుపెట్టాడు. దాన్ని మాత్రం ఏ వరసా పెట్టి పిలిచేవాడు కాదు. అదే నన్ను కాల్చింది. దాని జడ, దాని నవ్వు, చివరికి అది అన్నం కలుపుకునే తీరు కూడా నాకు కంటగింపే. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమిటి? చెల్లెలి సంతోషం చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఒక ఆదివారం అమ్మ చేపలు కోస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను.

"అమ్మా, మన పిల్ల ట్రాములో ఒక బెంగాలోడి సంచి రోజూ ఒల్లో ఎట్టుకుంతంది."

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏటీ? ఎవుడాడు? ఎన్నాల్నుంచి?"

అమ్మకి రేవు క్వార్టర్లూ, బజారూ తప్ప ఊరు తెలియదు. ఇది ఇక్కడి మర్యాద అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలేదు. నేనూ పెట్టుకున్నానని అసలే అనలేదు.

నాలుగోరోజుకల్లా దాన్ని హౌరాలో బండెక్కించాం. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"అందరూ ఎట్టుకుంతారని నువ్వే గదక్కా అన్నావు. ఆ మాట పెద్దమ్మతో సెప్పలేకపోయావా?"

"సెప్పినానే. ఇన్లేదు" అన్నాను.

మర్నాడు ఒక్కదాన్నే ట్రాములో చివర సీటులో కూర్చున్నాను. ఆయన ఎక్కాడు. నేను రెండు చేతులూ చాపాను. ఆయన సంచి ఇవ్వకుండా మీ చెల్లెలేదని అడిగాడు.

"ఊరికి వెళ్ళిపోయింది. పెళ్ళి కుదిరింది" అని బెంగాలీలో చెప్పాను. అది మరో అబద్ధం.

చాపిన నా చేతులు చూసి "థాక్, దిది" అన్నాడు, ఉండనివ్వండి అని. సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని, ఎస్ప్లనేడ్ దాకా తానే మోసుకున్నాడు.

అప్పుడైనా నాకు సిగ్గు వెయ్యాలి. వెయ్యలేదు. ఊరు చేరిపోయిన పిల్ల మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంకా కుళ్ళుకుంటూనే కూర్చున్నాను.