వెంకటగిరియప్ప నొప్పులు

వెంకటగిరియప్పకు లేని జబ్బు లేదు. అలాగని ఉన్న జబ్బు ఒక్కటైనా ఉందా అంటే అదీ లేదు. సోమవారం మోకాలు, బుధవారం గుండెదడ, శుక్రవారం చెవిలో హోరు. ఆదివారం మాత్రం పూర్తి ఆరోగ్యంగా ఉండేవాడు. ఆ రోజు డాక్టర్లకు సెలవు.

1999లో ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం దొరికి, మడివాళలో ఆయన మేడమీది గదిలో అద్దెకు దిగాను. మొదటి ఉదయమే మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, నుదుట విభూతి. పెళ్ళికి బయల్దేరాడనుకుని, ఎక్కడికని అడిగాను.

"నడుంనొప్పికి," అన్నాడు, తిరునాళ్ళకు పోతున్నవాడిలా.

నేను కంగారుపడి ఆటో పిలవనా అన్నాను. ఆయన మూడు మెట్లు ఒక్క అంగలో దిగి, సందు చివర కదులుతున్న బస్సు వెనక పరుగెత్తి ఎక్కేశాడు. ఇరవై నాలుగేళ్ళ నాకు అలాంటి నడుము లేదు.

ఆయన భార్య పాపక్క గుమ్మంలోకి వచ్చి నన్ను ఊరడించింది. "బెదరొద్దప్పా. ఆయనకేమీ లేదు. సుమ్నే, ఊరికే పోతాడు. ఒకరు పేకాటకు పోతారు, ఈయన ఆసుపత్రికి పోతాడు."

ఆయన ముప్పై ఏళ్ళు సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఏ ఆసుపత్రికి ఏ బస్సు పోతుందో, ఏ తలుపులో దిగితే గేటు దగ్గరో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఆ రోజుల్లో హోసూరు రోడ్డు పొడవునా వారానికొక కొత్త నర్సింగ్ హోమ్ లేచేది. సాయంత్రపు దుమ్ములో, లారీల పొగలో, ఆ బోర్డులు ఒకదాని తరవాత ఒకటి మెల్లగా వెలుగుతుంటే, ఎవరో తెలియనివాళ్ళు మనల్ని పేరుపెట్టి పిలుస్తున్నట్టుండేది. కొత్త బోర్డు వెలిగిన మర్నాడే ఆయనకు కొత్త నొప్పి పుట్టేది.

పద్ధతి సులువు. ఒంట్లో ఏమీ లేకుండా పోయి డాక్టరు ముందు కూర్చుని మూలగడం. "నీకేమీ లేదు, ఇంటికి పో" అన్న డాక్టరు పాసు. చీటీ నిండా టెస్టులు రాసిన డాక్టరు ఫెయిలు. నేను చేరేనాటికి ఊరంతా కలిపి పాసైనవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఒకాయన పళ్ళ డాక్టరు.

"రాసేటప్పుడు యాడికి చూస్తాడో చూడు హరీ," అని నాకు పాఠం చెప్పాడొకసారి. "టికెట్టు లేనోడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. ముప్పై ఏండ్లు చూసినా నేను. అక్కరలేని టెస్టు రాసే డాక్టరూ అంతే. మన మొహం చూడడు."

గాజు గోడల ఆసుపత్రి ఒకటి తెరిచినప్పుడు మోకాలినొప్పితో వెళ్ళాడు. చేపల తొట్టి పక్కన గంట కూర్చోబెట్టి, తలకు స్కాన్ తీయాలన్నారట. మోకాలికి తలెందుకని అడిగితే, ప్యాకేజీలో అన్నీ కలిసే ఉన్నాయన్నారట. వద్దని లేచి వచ్చేశాడు. ఇది విన్న పాపక్క చింతపండు పిసుకుతూ, తీయించుకోవలసింది అని బాధపడింది. లోపల బస్సు నంబర్లు తప్ప ఇంకేమైనా ఉండాదేమో తేలిపోయేదట.

చందాపుర నర్సింగ్ హోమ్‌లో జరిగింది ఇంకా ఘోరం. తల తిరుగుతోందని ఈయన నోరు తెరిచేలోగా మంచం మీద పడేసి సెలైన్ ఎక్కించారు. నర్సు భోజనానికి వెళ్ళిన సందు చూసి, చేతికి సూది ఉండగానే సీసా ఎత్తుకుని బయటపడి బస్సెక్కాడు. సీసాను పైకడ్డీకి తగిలించి మడివాళ దాకా నిలబడే వచ్చాడు. ఆ బస్సు కండక్టరు ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడు. గురువుగారికి నమస్కారం పెట్టి, సీసాకు లగేజీ టికెట్టు కొట్టాలా వద్దా అని ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఆలోచించి, చివరికి కొట్టలేదట. వెంకటగిరియప్పకు కోపం నర్సింగ్ హోమ్ మీద కాదు, వాడి మీద. వానికి రూలు తెలీదని నెల రోజులు గొణిగాడు.

నేను ఈ కథలన్నీ ఆఫీసులో చెప్పి నవ్వించేవాణ్ణి. పొద్దున్నే వెళ్ళి చీకటిపడ్డాక వచ్చేవాణ్ణి, ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయేవాణ్ణి. ఒక మనిషి గురించి నవ్వడానికి సరిపడా తెలిస్తే చాలనుకునే వయసది.

2002 ఫిబ్రవరిలో ఒక ఆదివారం కరెంటు పోయి, ఫ్యాను ఆగి, ఎనిమిదింటికే మెలకువ వచ్చింది. కింద మాటలు వినపడి మెట్ల మీదికొచ్చి కూర్చున్నాను. గేటు లోపల నేల మీద ఏడెనిమిది మంది. ఎలక్ట్రానిక్ సిటీలో కట్టే బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే మా రాయలసీమ కూలీలు. సిమెంటు పట్టేసిన కాళ్ళు, ఆదివారపు ఉతికిన బట్టలు. వెంకటగిరియప్ప చాప మీద కూర్చుని, ఒక్కొక్కరికి టికెట్టు ఇచ్చినట్టు సమాధానం ఇస్తున్నాడు.

"తిరుపాలూ, నీ మోకాలు ఎత్తుకోని ఆ గాజు ఆసుపత్రికి పోయొచ్చినా. నువ్వు ఆ దిక్కు పోవద్దు. బొమ్మనహళ్ళిలో ముసిలాయన ఒకడుండాడు, నీకు కట్టు కట్టి మూన్నాళ్ళు పనికి పోవద్దంటాడు, అంతే."

రామయ్య అనే మేస్త్రీకి తల తిరుగుడు గురించి చెప్పాడు. ఇంకొకరికి చెవి హోరు గురించి. నేను నవ్విన నొప్పులన్నీ ఒక్కొక్కటిగా లేచి తమ తమ మనుషుల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాయి. ఏ ఒక్కటీ ఆయన కల్పించింది కాదు. సెలవు పెడితే కూలి పోయేవాళ్ళు, తప్పు గేటులోకి అడుగుపెడితే ఊరికి కూడా తిరిగిపోలేనివాళ్ళు. వాళ్ళ నొప్పి ముందు ఈయన మోసుకెళ్ళి, దెబ్బలు తిని వచ్చి దారి చెప్పేవాడు. నాకు మెట్ల మీద కూర్చోవడం కష్టంగా అనిపించింది.

చివర మిగిలింది నర్సమ్మ. కదిరి వైపు నుంచి వచ్చి ఇసుక మోసే మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. తల కిందకి దించుకుని పాపక్కకు చెబుతుంటే, పాపక్క ఆయనకు చెప్పింది. మూడు నెలలుగా బట్ట ఆగడం లేదు, రక్తం పోతూనే ఉంది, కడుపులో నొప్పి. చందాపుర నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీసేయాలన్నారు. తీయకపోతే క్యాన్సర్ అవుతుందని భయపెట్టి, రేపు కాక వచ్చే సోమవారం పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు.

"ఆ నర్సింగ్ హోమా?" అన్నాడు వెంకటగిరియప్ప. "ఆ పొద్దు ఇంకో గంట పండుకోనుంటే నాకూ తీసేసుందురు."

అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. "నాకింకా బిడ్డల్లేరప్పా," అంది.

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఇంతకాలం తలలు, మోకాళ్ళు మోశాడు గాని ఈ నొప్పిని మగవాడు ఎలా మోసేది? పాపక్కను వెళ్ళమని బతిమాలాడు. తనకు అబద్ధం చెప్పడం రాదని, చెప్పబోతే నవ్వొస్తుందని పాపక్క ఒప్పుకోలేదు. చివరికి నర్సమ్మనే కూర్చోబెట్టి, నొప్పి ఎక్కడ మొదలవుతుంది, ఎటు పోతుంది, ఏ పూట ఎక్కువ అని, పసిబిడ్డను ఎత్తుకునే ముందు తల్లిని అడిగినట్టు అడిగాడు. బట్ట సంగతి వదిలేసి, కడుపునొప్పి వరకు తీసుకుని లేచాడు.

ఆ వారం మూడు చోట్ల ఫెయిలు. గురువారం మడివాళ మార్కెట్టు వెనక సందులో, పూల దుకాణం మీద ఉన్న నళిని అనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. గర్భిణీ స్త్రీల మధ్య బెంచీ మీద గంటన్నర కూర్చున్నాడట. ఎన్నో నెల అని ఎవరూ అడగలేదుగా అని పాపక్క అడిగింది. డాక్టరమ్మ గురించి మాత్రం సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఒకటే మాట చెప్పాడు.

"పాసు."

సోమవారం నర్సమ్మను అక్కడికి నన్ను తీసుకెళ్ళమన్నాడు. తన కాళ్ళు లాగుతున్నాయన్నాడు. ఎవరి కాళ్ళని నేను వేళాకోళం చేశాను.

సోమవారం తొమ్మిదికి నర్సమ్మ చందాపురలో లేదు. పూల దుకాణం మీద బెంచీ చివర ముడుచుకుని కూర్చుంది. కింద నుంచి కనకాంబరాల తడి వాసన, బుట్టలు దించుతున్న వాళ్ళ అరుపులు. లోపలికి వెళ్ళి అరగంటకు బయటికి వచ్చినప్పుడు ఆమె మొహం కడిగినట్టుంది. లోపల చీము పట్టింది, మందులతో తగ్గుతుంది, ఒంట్లో రక్తం లేదు, నెల తర్వాత మళ్ళీ రా, కోయడమెందుకు అన్నదట డాక్టరమ్మ. నర్సమ్మ ఆ చివరి మాటను నాకు మూడుసార్లు చెప్పింది.

నన్ను మాత్రం డాక్టరమ్మ లోపలికి పిలిచింది. గురువారం వచ్చిన పెద్దాయన నాకేమవుతాడని అడిగింది. అద్దెకుంటున్నానన్నాను. ఆమె పెన్ను మూత పెట్టింది.

ఆ రోజు ఆయన కడుపు నొక్కి చూస్తుంటే ఒకచోట చెయ్యి ఆగిందట. ఈ మధ్య బరువు తగ్గారా అని అడిగితే, చొక్కాలు వదులయ్యాయని పాపక్క అంటోందన్నాడట. వెంటనే స్కాన్ తీయించుకుని రేపే రండి అని చీటీ రాసిచ్చింది. అప్పుడు ఆయనకు భయం వేసి, ఉన్నమాట చెప్పేశాడట.

"ఈ నొప్పి నాది కాదమ్మా. నర్సమ్మ అని ఒక బిడ్డది."

"నొప్పి ఆమెది కావచ్చు. గడ్డ మీది," అంది డాక్టరమ్మ.

ఆయన రాలేదు, శుక్రవారం గాని శనివారం గాని.

నేను ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. ఆయన వెనక వసారాలో, ఉతికిన చీరల మధ్య నీడలో, పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందు నర్సమ్మ సంగతి అడిగాడు. కోయడం లేదని చెప్పాను. కళ్ళు మూసుకుని తల ఊపాడు. అప్పుడు ఆయన సంగతి నేను అడిగాను. నాలుగు రోజులు ఎందుకు దాచావు మామా అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"చెప్పింటే ఇల్లంతా నా చుట్టూ తిరిగేది, హరీ. సోమవారం పొద్దున ఆమెను ఎవురూ తలుచుకోరు. ఆమె పని చేసేకాడి మేస్త్రీ వచ్చి చందాపురకు తీసుకోని పోయుండు." మొహం మీదికి వచ్చిన తడి చీరను పక్కకు తోశాడు. "ఆమెకు దినం పెట్టిండారు. నాకింకా పెట్టలేదు గదా."

"టెస్టు రాసింది కదా, మరి ఆమెను పాసన్నావే?"

"రాసింది," అన్నాడు. "నా మొహం చూసి రాసింది."

ఆ తరవాత ఆయన ఏడాది కూడా లేడు. కాని ఆ నెలల్లో నేను దాచుకున్నది ఒక్క ఉదయమే. డాక్టరమ్మ చీటీ రాసి పంపిన పెద్దాసుపత్రికి ఆయన్ను మొదటిసారి తీసుకెళ్ళిన రోజు. ఆ రోజు ఏ నొప్పీ తెచ్చుకోలేదు కాబట్టి కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. పొడుగాటి హాలు, పైన కిటికీల్లోంచి పలచని ఎండ వచ్చి వందమంది తలల మీద సమానంగా పడుతోంది. పక్కన ఒక కోలారు రైతు, అంజినప్ప అట, స్కాన్ గది తలుపు వైపు చూస్తూ వణుకుతున్నాడు. ఆ యంత్రంలోకి తోస్తే ఊపిరాడదని ఎవరో చెప్పారట. తిరిగి ఊరికి పోదామని ఇంటావిడను సతాయిస్తున్నాడు.

వెంకటగిరియప్ప వింటూ వింటూ మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. భయం ఎక్కడ మొదలవుతుంది, ఛాతీలోనా గొంతులోనా అని అడిగాడు. పొద్దున్నుంచి మొదటిసారి ఆయన గొంతులో ప్రాణం వినిపించింది.

నర్సు ఈయన పేరే పిలిచింది.

"కూర్చోనుండప్పా, యాడికీ పోవద్దు," అన్నాడు అంజినప్పతో. "నేను పోయి చూసొచ్చి చెప్తా."

చొక్కా సర్దుకుని, నా చెయ్యి అక్కర్లేదని విదిలించి, చకచకా లోపలికి నడిచాడు. తలుపు మూసుకుంది. పాపక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి జరిగాను.

"చూస్తివా హరీ," అంది. కొంగు వెనక నవ్వుతోంది. "ఈ పొద్దు ఒక్కనాడన్నా తన కోసం పోతాడనుకుంటి. మళ్ళా ఎవురిదో ఎత్తుకోని పాయె."