గ్రీసులో మా అమ్మాయి

తప్పులు పట్టడం నా వృత్తి. పాతికేళ్ళుగా నర్సీపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను. జేబులో ఎర్రపెన్ను లేకపోతే చొక్కా తొడుక్కోనట్టే ఉంటుంది నాకు. పౌరాణిక సీరియల్లో వంటింట్లో అప్పటికి మన దేశానికే రాని మిరపకాయలు కనిపిస్తే టీవీ కట్టేసేదాకా ఊరుకోను. శుభలేఖలోనో ఆటో వెనక రాతలోనో ఒక తప్పు దొరికిందంటే ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తింటాను. "మీతో సినిమాకి రావడం కన్నా ఇంట్లో అప్పడాలు ఒత్తుకోడం నయమండీ" అంటుంది మా ఆవిడ. ఇంత చేసిన నేను మా అమ్మాయి దగ్గర ఒక తప్పు చేశాను. అది ఒప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. అచ్చం మా అమ్మ పోలిక. ఆ నలుపు, ఆ ఉంగరాల జుట్టు, నవ్వితే ముందు కళ్ళు నవ్వడం, అన్నీ ఆవిడవే. దానికి వీడియో గేముల పిచ్చి. ఈ మధ్య ప్రాచీన గ్రీసు మీద ఏదో గేము దొరికింది. కాలేజీలో ఎగ్జిబిషన్ పెడుతున్నారని, ఆ గేములో ఊరు తిరుగుతూ వీడియో తీసి, రెండున్నర వేల ఏళ్ళ కిందటి గ్రీకు సంత ఎలా ఉండేదో చూపిస్తానని పేరిచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటుంటే లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది.

"నాన్నా, ఓసారి ఇటు సూడు. ఈ పిల్ల ఎవులో సెప్పు."

తెర మీద ఓడరేవు. మెట్లు, కుండలు, గంపల్లో చేపలు. వాటి మధ్య భుజాన నూనె కుండ పెట్టుకుని ఒక అమ్మాయి నడుస్తోంది. మొహం మా అమ్మాయిదే. ఆ గేములో మనకి కావలసిన మొహం మనమే చేసుకోవచ్చట. రెండు రోజులు కూర్చుని చేసింది, కుడి కనుబొమ్మ మీది గాటుతో సహా.

"నేనే. గ్రీసులో ఉన్నాను" అంది.

ఆ పిల్ల అంతకు నిమిషం ముందే నా కళ్ళెదుట మూడంతస్తుల మేడ మీంచి దూకి, బట్ట నలక్కుండా లేచి నిలబడింది. దాని మీద నాకు ఏ అనుమానమూ రాలేదు. కళ్ళజోడు సర్దుకుని, మొహం చూసి, "ఇది తప్పు" అన్నాను. "గ్రీసులో ఇలాంటి మనుషులు ఉండరమ్మా. ఆ శిల్పాలు చూళ్ళేదూ? పాలరాయిలా ఉంటారు వాళ్ళు. ఈ గేములు చేసేవాళ్ళు వ్యాపారం కోసం అన్నిరకాల వాళ్ళనీ తెచ్చి కలిపేస్తారు. ఇది పట్టుకెళ్ళావంటే కాలేజీలో నవ్వుతారు."

"ఉండరా?"

"ఉండరు."

ఎర్రపెన్ను చేతిలోనే ఉంది. దాంతోనే తెర వైపు చూపించి మరీ చెప్పాను. అది లాప్‌టాప్ మూసి పట్టుకుపోయింది. సాయంత్రం చూస్తే అదే ఓడరేవులో అదే నూనె కుండతో ఒక తెల్లపిల్ల నడుస్తోంది. "ఇప్పుడు బాగుంది" అని మెచ్చుకున్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

నా గొప్ప అక్కడితో ఆగలేదు. ఆ గేము చేసినవాళ్ళకి బుద్ధి చెబుతూ ఒక ఉత్తరం రాద్దామని, రెండ్రోజుల తర్వాత స్టాఫ్ రూములో కూర్చుని ఫోన్లో ఆధారాలు వెతికాను. దొరికాయి, అన్నీ నాకే ఎదురుతిరిగి. ఆ కాలపు గ్రీకు కుమ్మరులు చేసిన కూజాలు ఉన్నాయి. వాటిలో కొన్ని మనిషి తల ఆకారంలో ఉన్నాయి. ఆఫ్రికా మనుషుల మొహాలవి, నల్లటి రంగు, పొట్టి ఉంగరాల జుట్టు. చూడని మొహాన్ని కుమ్మరి అంత బాగా చెయ్యలేడు. ఆ రేవుల్లోకి ఈజిప్టు నుంచి, ఇంకా దక్షిణాన్నుంచి, అటు నల్లసముద్రం ఒడ్డు నుంచి కూడా జనం వచ్చేవారట. వ్యాపారానికి కొందరు, యుద్ధాలకి కొందరు, బానిసలుగా ఎందరో. ఎంతమంది అన్నది చదువుకున్నవాళ్ళే తేల్చలేకపోతున్నారు. లేరన్న మాట మాత్రం తప్పు. ఇక నా పాలరాయి సంగతి మరీ అన్యాయం. ఆ శిల్పాలకి ఒకప్పుడు రంగులుండేవట, కాలక్రమాన పోయాయట. మన సెంటర్లలో నాయకుల విగ్రహాలకి బంగారు రంగు పూస్తారు కదా. అవి చూసి ముందు ముందు ఎవడైనా నర్సీపట్నం జనమంతా బంగారు రంగులో ఉండేవారని పాఠం చెబితే ఎలా ఉంటుందో, నేను చెప్పిందీ అలాగే ఉంది.

ఎగ్జిబిషన్‌కి ఇంకా నాలుగు రోజులున్నాయి. చెప్పొచ్చు. చెప్పలేదు. ఇవాళ చెప్పేద్దామనుకుని ఇంటికెళ్ళడం, అది ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే "పప్పు వేసుకో" అని ఊరుకోవడం. పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. దానికితోడు పాత సంగతొకటి గుర్తొచ్చింది.

గ్రీకు రాజు మన దేశం మీదికి దండెత్తి వచ్చిన నాటకం మా స్కూల్ యానివర్సరీకి ఏటా నేనే వేయిస్తాను. ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లలు గ్రీకులు. మిగతావాళ్ళు మన రాజు సైన్యం. ఎర్రటివాళ్ళు చాలకపోతే ఉన్నవాళ్ళ మొహాన దట్టంగా పౌడరు కొట్టిస్తాను. ఇదేం పద్ధతని ఇన్నేళ్ళలో ఒక్క తల్లీ తండ్రీ అడగలేదు. మా అమ్మాయి నాలుగో క్లాసులో ఉండగా "నేను గ్రీకు ఏసం ఏస్తాను నాన్నా" అని వారం రోజులు వెంటపడింది. "నువ్వు గ్రీకేటే" అని నవ్వి, ఏనుగులో పెట్టాను. అట్టలతో కట్టిన ఏనుగు. ముందు కాళ్ళు ఇంకో పిల్ల, వెనక కాళ్ళు మా అమ్మాయి. స్టేజీ ఈ చివర్నించి ఆ చివరికి ఎవరికీ కనపడకుండా వంగి నడిచింది. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పుడు ఇవ్వని వేషం ఇన్నాళ్ళకి తనంతట తనే వేసుకుంటే, ఎర్రపెన్ను చూపించి మళ్ళీ దింపేశాను.

ఎగ్జిబిషన్‌కి వెళ్ళాను. తెర మీద తెల్లపిల్ల నడుస్తోంది. మా అమ్మాయి పక్కన నిలబడి, నూనె ఎలా తీసేవారో, కుండలు ఎక్కడెక్కడికి ఎగుమతయ్యేవో చక్కగా చెబుతోంది. కోటవురట్ల వైపు నుంచి ఎవరో పిల్ల వాళ్ళ అమ్మమ్మ వచ్చింది. ఎండలో పని చేసి చేసి కమిలిన మనిషి. చాలాసేపు కదలకుండా చూసి, "ఈ సంతలో మనలాటోలు ఎవులూ లేరేటమ్మా?" అని అడిగింది.

మా అమ్మాయి నా వైపు ఒకసారి చూసింది.

"మా నాన్నగారు సోషల్ మాస్టారండి. అక్కడ మనలాంటోళ్ళు ఉండరని ఆయనే సెప్పారండి."

ఆవిడ నా వైపు తిరిగి, "మాస్టారు సెప్పేరంటే నిజమేలే" అని వెళ్ళిపోయింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. చుట్టూ నా పాత స్టూడెంట్లు నలుగురున్నారు. తెరవలేదు.

బండి మీద ఇంటికొస్తూ బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, వెనక్కి తిరక్కుండానే చెప్పాను.

"అమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. గ్రీసులో ఉండేవారట. అన్నిరకాలవాళ్ళూ ఉండేవారట."

"తెల్సు."

"ఎప్పుడు తెలుసు?"

"ఆ మొహం సెయ్యకముందే. సదివే సేసాను కదా."

"మరి నాతో అనలేదేం? ఎందుకు మార్చేశావు?"

మా ముందున్న ఆటో కదిలింది.

"గ్రీసు గురించయితే సెప్పేదాన్నే నాన్నా. నా మొహం సూసి 'ఇలాంటి మనుషులు' అన్నావు. ఆ మాట నీకే తెలుస్తాదేమో అని సూసాను. ఆ మామ్మగారితో కూడా నేను లేరనలేదు. నువ్వు సెప్పావనే సెప్పాను."

వెనక హారన్లు మోగుతున్నాయి. బండి ముందుకి పోనిచ్చాను. "ఇంటికెళ్ళాక నీ మొహం మళ్ళీ పెట్టుకోమ్మా" అన్నాను.

"ఎగ్జిబిషన్ అయిపోయింది కదా. బేగి పద, అమ్మ ఎదురుసూస్తాది."

ఈ ఏడాది నాటకంలో ఎవరు అడిగితే వాళ్ళకే గ్రీకు వేషం అని హెడ్‌మాస్టారితో చెప్పాను. అమ్మాయికీ చెప్పాను, "మంచిది" అంది. ఆ పెద్దావిడది ఏ ఊరో మాత్రం కనుక్కోలేకపోయాను. ఈపాటికి ఇంటిదగ్గర నలుగురికీ చెప్పే ఉంటుంది, అక్కడ మనలాంటివాళ్ళు లేరటర్రా, మాస్టారే చెప్పారు అని.