దిగి జరిపిన నిచ్చెన

ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. రంగులు వేసేవాళ్లందరికీ ఆమె నిచ్చెనక్క. యాభై మూడేళ్ల మనిషి, అందులో ముప్పై ఏళ్లు గోడలకే ధారపోసింది. ఆ పేరు ఊరికే రాలేదు. మడత నిచ్చెన పైన అటో కాలు ఇటో కాలు వేసి నిలబడి, నడుము ఒక్క ఊపు ఊపిందంటే నిచ్చెన ఆమెతో పాటే పక్కకు అడుగు వేసేది. దిగడం లేదు, ఎక్కడం లేదు. గది ఈ మూల నుంచి ఆ మూలకు పైకప్పు కిందే ప్రయాణం. జట్టులో సగం మందికి ఆ నడక నేర్పింది తనే. సొంత మరిదికి కూడా.

ఆ నడకే ఆమె కొంప ముంచింది. ఒక బడి గదిలో, కొత్తగా పరిచిన నున్నటి పలకల మీద నిచ్చెన కాలు జారింది. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే ఆమె కూడా చేసింది, అరచెయ్యి ముందుకు చాపింది. ఒంటి బరువంతా కుడి మణికట్టు మీద పడింది. లేచి చూసుకుంటే చెయ్యి వంకర గరిటెలా ఉంది.

ఆసుపత్రిలో ఎముక లాగి సరిచేసి కట్టు వేశారు. వారం తరవాత ఎక్స్‌రే తీస్తే విరిగిన ముక్క మళ్లీ పక్కకు జరిగింది. ఆపరేషన్ చేసి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాలంది డాక్టరమ్మ. ఈ వయసు ఆడవాళ్లకు ఎముకలు పలచబడతాయనీ, ఇవాళ మణికట్టుతో పోయింది గానీ జాగ్రత్త పడకపోతే రేపు తుంటి వంతనీ చెప్పింది. నిచ్చెనక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"ఈ చేత్తో మళ్లీ బ్రష్ పట్టుకుంటానా?"

"ప్లేటు నేను పెడతాను. పట్టు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

చేసింది చాల్లే, ఇక ఇంటిపట్టున ఉండమన్నాడు బస్సు డ్రైవరైన మొగుడు. ఆమెకు ఒళ్లు మండింది. బస్సుకు టైరు పంక్చరైతే బస్సునే షెడ్డులో పారేస్తారా అని అడిగింది. ఆపరేషన్ మర్నాటి నుంచే వేళ్లు ముడవడం, తెరవడం మొదలుపెట్టింది. చెప్పిన రోజు రాగానే మణికట్టు తిప్పింది. ఆ తరవాత తడిగుడ్డ పిండింది. ప్రాణం కడబట్టేది. వ్యాయామం నేర్పే ఆయన్ను తిట్టని తిట్టు లేదు, ఆయన చెప్పింది మానిన రోజూ లేదు.

నాలుగు నెలలకు డాక్టరమ్మ సరేనంది. పనిలోకి వెళ్తే మేస్త్రి ఆమె చేతిలో గరుకు కాగితం పెట్టి, కింద కూర్చుని గోడ రుద్దమన్నాడు. ఆమె దాన్ని కిటికీలో పెట్టి, ఒక నిచ్చెన లాక్కుంది. ఎక్కింది, చెయ్యి అందినంత మేర రంగు వేసింది, దిగింది, నిచ్చెన జరిపింది, కాళ్లు నేల మీద సరిగ్గా ఆనాయో లేదో చూసుకుని మళ్లీ ఎక్కింది. పైనున్నవాళ్లు నవ్వారు. మేస్త్రి కాసేపు ఓర్చుకున్నాడు.

"ఇలా దిగుతూ ఎక్కుతూ ఉంటే పని ఎప్పటికి తెములుతుంది అక్కా? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?"

"కాలినవి నా చేతులు మేస్త్రీ. వీళ్లవి ఇంకా కాలలేదు."

ఆమె తిన్నగా మరిది దగ్గరకు నడిచింది. అతను పైన ఊగుతూ నిచ్చెన నడిపిస్తున్నాడు. రెండు అడుగుల మధ్య అది నిలిచిన క్షణం చూసి, దాని కాలు కుడిచేత్తో పట్టుకుంది. అతను నడుము ఊపాడు. నిచ్చెన కదల్లేదు.

"నేర్పిందీ నేనే, మాన్పించేదీ నేనే. దిగు."

దిగినవాడు రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు మేస్త్రి. గదిలో బ్రష్‌లన్నీ ఆగిపోయాయి. మరిది మేస్త్రిని చూశాడు, కింద వదిన మణికట్టు మీది పొడుగాటి మచ్చను చూశాడు. మెల్లగా దిగాడు. అతని వెనకాలే, కిటికీ పక్కనున్న నిచ్చెన మీంచి ఇంకొకడు దిగాడు.

అందరూ కిందికి దిగేదాకా నిచ్చెనక్క పట్టు వదల్లేదు.